నాడి దొరకనంత మాత్రాన మనిషి పోయినట్టు కాదు

గుండె పంపులు తయారుచేసే కంపెనీలకు, వాటిని అమర్చే ఆసుపత్రులకు, దాతల గుండెలను ఎవరికివ్వాలో నిర్ణయించే అధికారులకు, అంబులెన్స్ సేవల బాధ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మా తమ్ముడి ఛాతీలో ఒక పంపు తిరుగుతోంది. గుండె మార్పిడికి పేరు రాయించుకుని, దాత గుండె కోసం ఎదురుచూస్తున్న మనిషి వాడు. ఇరవై రెండు నెలలుగా వాడి ఎడమ జఠరిక, అంటే ఒళ్లంతటికీ రక్తం తోసే గుండె గది, చెయ్యాల్సిన పని ఆ పంపే చేస్తోంది. వాడి కేబుల్ దగ్గర కట్టు మార్చేది నేను. బ్యాటరీల లెక్క చూసేది నేను. రాత్రి అలారం మోగితే వాడికన్నా ముందు లేచేదీ నేనే.

ఈ లేఖలోని సంగతుల మీద ఇంతకుముందు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి 'మీ ఉత్తరం అందింది' అని ఒక ముక్క వచ్చింది. మూడోదానికి, అది తమ విభాగం చూసే పని కాదన్నారు. మరి ఏ విభాగం చూస్తుందో చెప్పలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

పంపు మీద ఫిర్యాదు చెయ్యడానికి రాస్తున్నానని అనుకోకండి. అది లేకపోతే మా తమ్ముడు ఇవాళ లేడు, ఆ సంగతి మాకు తెలుసు. 2001లో వచ్చిన రీమ్యాచ్ పరీక్ష ఫలితాలు మీకు నాకన్నా బాగా తెలుసు. మార్పిడికి వీలులేనంత ముదిరిపోయిన గుండె జబ్బుతో ఉన్న 129 మందిలో, మందులతోనే నెట్టుకొచ్చినవారు ఏడాది తర్వాత 25 శాతం మిగిలితే, పంపు పెట్టించుకున్నవారు 52 శాతం మిగిలారు. ఇప్పటి పంపులైతే ఇంకా మెరుగు. హార్ట్‌మేట్ 3 పెట్టించుకున్నవారిలో అయిదేళ్ల తర్వాత కూడా నూటికి 58 మంది బతికున్నారని 2022లో లెక్క వచ్చింది. ఇంత చేసిన డాక్టర్లకూ ఇంజనీర్లకూ చేతులెత్తి దండం పెడతాను.

నా బాధ ఆపరేషన్ థియేటర్ బయట మొదలవుతుంది. పంపు లోపల ఉంది. దాన్ని నడిపించేవన్నీ బయట ఉన్నాయి. బయట ఉన్నవాటి సంగతి మాత్రం మీరంతా మా ఇంటికి వదిలేశారు.

పంపును ఎప్పుడూ చూడనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఛాతీ తెరిచి, ఎడమ జఠరిక కొసన దాన్ని బిగిస్తారు. జఠరికలోకి వచ్చిన రక్తాన్ని లాక్కుని, గొట్టం గుండా బృహద్ధమనిలోకి తోస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న రకంలో లోపలి చక్రం అయస్కాంత బలంతో దేనికీ తగలకుండా తేలుతూ నిమిషానికి అయిదారు వేల చుట్లు తిరుగుతుంది. పొట్ట దగ్గర చర్మంలోంచి ఒక కేబుల్ బయటికి వస్తుంది. దాన్ని డ్రైవ్‌లైన్ అంటారు. అది నడుముకు కట్టుకునే కంట్రోలర్‌కు కలుస్తుంది. కంట్రోలర్‌కు రెండు బ్యాటరీలు, లేదా గోడకున్న కరెంటు. అంతే. ఆ రెండు బ్యాటరీల మీద ఒక ప్రాణం వేలాడుతోంది.

మా తమ్ముడి ఛాతీ మీద చెవి పెడితే లబ్‌డబ్ వినపడదు. సన్నగా, ఆగకుండా ఒక జుమ్మనే మోత వినపడుతుంది. ఇంటికి తెచ్చిన మొదటి రాత్రి, "అక్కా, ఒకసారి విను, తిరుగుతోందా?" అని వాడు నన్ను అయిదారుసార్లు లేపాడు. ఇప్పుడు వాడు నిద్రపోతాడు, నేను లేచి వింటాను.

ఈ మోత ఎందుకు చెబుతున్నానంటే, ఒకరోజు అదే వాడిని కాపాడింది. రెండ్రోజుల విరేచనాలతో వాడి ఒంట్లో నీరు తగ్గిపోయింది. లాక్కోవడానికి చాలినంత రక్తం అందక, ఫ్లో తక్కువగా ఉందని అలారం మోగింది. మంచం మీంచి లేవబోయి కూలిపోయాడు. అంబులెన్స్ పిలిచాను. తొందరగానే వచ్చారు, కాదనను. వచ్చిన ఇద్దరిలో పెద్దాయన మణికట్టు పట్టుకుని చూశాడు. మెడ దగ్గర వేళ్లు ఆనించి చూశాడు. వేలికి క్లిప్పు తగిలిస్తే అంకె రాలేదు. బీపీ మిషను గాలి నింపుకుంది, వదిలింది, మళ్లీ నింపుకుంది, చివరికి ఎర్రర్ చూపించింది. ఆయన తలెత్తి రెండో అతని వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, ఆలస్యమైపోయింది" అన్నాడు.

"కాలేదు. ఛాతీ మీద చెవి పెట్టి వినండి" అని అరిచాను. స్టెతస్కోప్ పెట్టాడు. పెట్టి, అలాగే ఉండిపోయాడు. "ఇదేం శబ్దం?" అన్నాడు. అప్పుడు నేను, తమ్ముడు నేల మీద పడి ఉండగా, రక్తం ధారగా ప్రవహించే పంపుతో నాడి ఎందుకు దొరకదో ఆయనకు పాఠం చెప్పాను. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

కథ అక్కడితో అయిపోలేదు. స్పేర్ కంట్రోలరూ స్పేర్ బ్యాటరీలూ ఉన్న సంచి కూడా తీసుకెళ్లాలంటే, "ముందు మనిషి ముఖ్యం, సామాన్లు తర్వాత" అన్నారు. ఆ సంచీ మనిషిలో భాగమే అన్న నా మాట వాళ్లకు ఎక్కలేదు. నన్నూ ఎక్కించుకోలేదు. నేను వేరే బండిలో సంచితో వెనకే పోయాను. దగ్గర్లోని ఆసుపత్రికి చేరేసరికి, అక్కడి డ్యూటీ డాక్టరు పంపు పెట్టిన ఆసుపత్రికి ఫోను చేస్తున్నారు. మోగుతోంది, ఎత్తేవారు లేరు. నలభై నిమిషాల తర్వాత ఎత్తారు. ఈలోగా బ్యాటరీల మీద ఒక్కొక్క దీపమే మిగిలింది. పక్కనున్న నర్సమ్మ చూసింది కానీ, ముట్టుకోవచ్చో లేదో ఆమెకు తెలియదు. నేనే మార్చాను. ఒకటి తీసి, కొత్తది పెట్టి, అది పట్టుకుందని చూసుకున్నాకే రెండోది తీయాలి. రెండూ ఒకేసారి తీస్తే పంపుకు కంట్రోలర్ లోపలి చిన్న బ్యాటరీయే దిక్కు. అది మాకిచ్చిన రకంలో పావుగంట.

సెలైన్ ఎక్కించాక వాడు కళ్లు తెరిచాడు. ఆ పూట మేం గట్టెక్కాం. నేను ఇంట్లో లేని పూట అయితే?

అందుకే ఈ కింది విషయాలు మీ ముందు పెడుతున్నాను.

1. అంబులెన్స్ సేవల బాధ్యులకు. నాడి, వేలి క్లిప్పు, మామూలు బీపీ మిషను: ఈ మూడూ రక్తం కొట్టుకుంటూ పారుతుందన్న లెక్క మీదే పనిచేస్తాయి. కొత్త రకం పంపు ప్రతి 2 సెకన్లకు వేగం మార్చుకుని కొట్టుకోవడం లాంటిది కొంత తెచ్చినా, చేతికి నాడి దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఈ మనుషుల్ని చూసే పద్ధతి వేరు. ఒంటి రంగు చూడాలి, గోరు నొక్కి వదిలితే ఎర్రదనం తిరిగి వస్తోందా చూడాలి, ఊపిరి చూడాలి, మోత వినాలి, కేబుల్ ఊడిందా, బ్యాటరీలు ఉన్నాయా చూడాలి, డాప్లర్‌తో, అంటే రక్తం పారే శబ్దాన్ని పట్టే చిన్న పరికరంతో, బీపీ చూడాలి. ఇంతా కలిపి ఒక కాగితానికి ఒక పక్క సరిపోతుంది.

ఛాతీ నొక్కాలా వద్దా అన్న సందేహం ఇంకా చాలామందికి ఉంది. నొక్కితే లోపలి గొట్టం కదిలిపోతుందని ఒకప్పుడు భయపెట్టిన మాట నిజమే. కానీ 2017లోనే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ స్పష్టంగా చెప్పింది: మనిషికి స్పృహ లేక, రక్తం అందడం లేదని తేలి, పంపును తిరిగి నడిపించలేకపోతే ఛాతీ నొక్కాల్సిందేనని. అంటే ఇక్కడ రెండు రకాల తప్పులకు చోటుంది. రక్తం అందుతున్న మనిషిని పోయాడనుకోవడం ఒకటి. నిజంగా ఆగిపోయిన మనిషి ఛాతీని భయంతో ముట్టుకోకపోవడం రెండోది. రెండిట్లోనూ పోయేది మావాళ్లే.

మేం అడిగేది ఇది. ప్రతి అంబులెన్స్ సిబ్బందికి ఏడాదికోసారి దీని మీద శిక్షణ ఇవ్వండి. ఫోనెత్తేవాళ్ల దగ్గర, పంపు ఉన్న మనిషి ఇల్లు ఏదో ముందే నమోదై ఉండాలి. సంచీ, దాన్ని వాడటం తెలిసిన మనిషీ ఎక్కకుండా బండి కదలకూడదన్నది రాతపూర్వక నియమం కావాలి.

2. పంపు పెట్టే ఆసుపత్రులకు. ఇంటికి పంపే ముందు మీరు నాకు పరీక్ష పెట్టారు. కంట్రోలర్ మార్చడం, అలారాలు గుర్తుపట్టడం, కట్టు కట్టడం అన్నీ చేసి చూపించాకే పంపారు. మంచి పని. అదే శ్రద్ధ మా ఇంటికి దగ్గరున్న ఆసుపత్రి మీద ఎందుకు పెట్టలేదు? రక్తం పలచబడే మందు వాడుతున్న మనిషి కదా, కడుపులో రక్తస్రావం అవ్వచ్చు, స్ట్రోక్ రావచ్చు, కుడి జఠరిక చేతులెత్తేయవచ్చు. వీటిలో ఏది వచ్చినా ముందు చేరేది మీ దగ్గరికి కాదు, దగ్గరున్న ఆసుపత్రికే. పంపుతో ఉన్న మనిషిని ఎంఆర్ఐ గదిలోకి తీసుకెళ్లకూడదన్న సంగతి కూడా వాళ్లకు చెప్పింది నేనే. మనిషిని ఇంటికి పంపే ముందే మీ బృందంలోంచి ఒకరు ఆ ఆసుపత్రికి వెళ్లి అరపూట కూర్చోవాలి. ఇరవై నాలుగు గంటలూ ఎత్తే ఫోను ఒకటి ఉండాలి. ఎత్తేవారికి పంపు తెలిసి ఉండాలి.

3. కరెంటు, బ్యాటరీలు. కొత్త బ్యాటరీల జత పది నుంచి పదిహేడు గంటలు వస్తుందని చెబుతారు. మనిషి ఎంత కదిలాడు, పంపు ఎంత వేగంతో తిరిగింది, బ్యాటరీ ఎన్నాళ్లదన్నదాన్ని బట్టి అది మారుతుంది. పాతబడ్డ జత మా ఇంట్లో ఏడు గంటలకే దీపాలు ఆర్పేసుకుంది. మార్చమని అడిగితే గడువు తేదీ ఇంకా రాలేదన్నారు. గడువు తేదీని చూసి కాదు, బ్యాటరీ ఎన్ని గంటలు నిలబడుతోందో చూసి మార్చండి. ఇంట్లో ఎప్పుడూ స్పేర్ కంట్రోలర్ ఒకటి ఉండి తీరాలి. పాతది చెడిపోయి మరమ్మతుకు తీసుకుంటే, బదులు చేతికిచ్చాకే తీసుకోవాలి. కరెంటు పోతే ముందు ఏ ఇంటికి తిరిగి రావాలన్న జాబితాలో ఈ ఇళ్లు చేర్చే బాధ్యత ఆసుపత్రే తీసుకోవాలి. ఆరోగ్యం బాగాలేని మనిషి ఇంటివాళ్లు కరెంటు ఆఫీసులో క్యూ కట్టి తమ కష్టం రుజువు చేసుకునే పరిస్థితి ఉండకూడదు.

4. పంపు కంపెనీలకు. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

2021 జూన్ 3న మెడ్‌ట్రానిక్ కంపెనీ హెచ్‌వీఏడీ అనే పంపు అమ్మకం ఆపేసింది. మిగతా పంపులతో పోలిస్తే దానితో స్ట్రోకులు, మరణాలు ఎక్కువ ఉన్నాయని, ఆగిన పంపు మళ్లీ మొదలవ్వకపోవడమో ఆలస్యంగా మొదలవ్వడమో జరుగుతోందని చెప్పింది. అమ్మకం ఆపడం మంచిదే. కానీ ఆ రోజుకు ప్రపంచమంతటా దాదాపు 4,000 మంది ఛాతీల్లో అది తిరుగుతూనే ఉంది. ముందుజాగ్రత్త పేరుతో దాన్ని తీసేయించుకోవద్దని, తీసే ఆపరేషనే అంతకన్నా ప్రమాదమని వాళ్లకు చెప్పారు. ఆ మాట వైద్యపరంగా సరైనదే కావచ్చు. అయినా ఒక్కసారి ఆ మనిషి మంచం పక్కన కూర్చుని ఆలోచించండి. అమ్మడానికి పనికిరాదన్న వస్తువు తన గుండెకు బిగించి ఉంది. తీయకూడదు. ఆపకూడదు. ఆపితే మళ్లీ మొదలవుతుందో లేదో తెలియదు. రాత్రికి పడుకుని నిద్రపోవాలి.

అంతకుముందూ ఇలాంటిది జరిగింది. హార్ట్‌మేట్ 2 పంపులో రక్తం గడ్డకట్టడం ఉన్నట్టుండి పెరిగిందని 2014లో బయటపెట్టింది ఆసుపత్రుల్లో తమ రోగుల లెక్కలు తామే తీసి కలిపి చూసుకున్న డాక్టర్లు. అమర్చిన మూడు నెలల్లోపు గడ్డకట్టేది నూటికి రెండు మందిలో కాగా, అది ఎనిమిది దాటిందని తేల్చారు. ఇక ఇప్పుడున్న హార్ట్‌మేట్ 3 విషయంలో, రక్తం బయటికి తీసుకెళ్లే గొట్టానికీ దాని మీది తొడుగుకూ మధ్య పదార్థం పేరుకుని గొట్టాన్ని నొక్కేస్తోందని 2024లో హెచ్చరిక వచ్చింది. రెండేళ్లు, ఆ పైన గడిచాక కనిపించే సమస్య అది. మార్పిడి ఆరు నెలల్లో జరిగిపోతే దాని ఊసే రాదు. ఎదురుచూపు ఏళ్లకు సాగే మనుషులకే అది వస్తుంది.

ఇలాంటి హెచ్చరికలు కంపెనీ నుంచి ఆసుపత్రికి వెళతాయి. ఆసుపత్రి తీరిక చూసుకుని చెబుతుంది, లేదా తర్వాతి చెకప్‌లో చెబుతుంది, లేదా చెప్పదు. మా వరకు ఒక హెచ్చరిక వేరే రోగి ఇంటివాళ్ల ద్వారా తెలిసింది. ఛాతీలో ఉన్నది మా తమ్ముడికి కదా, ఉత్తరం ముందు ఎవరికి రావాలి?

కంపెనీలు చెయ్యాల్సినవి: ప్రతి హెచ్చరికా డాక్టరుకు వెళ్లిన రోజే రోగికీ, అతని భాషలో, అర్థమయ్యే మాటల్లో వెళ్లాలి. అమ్మకం ఆపేసిన పంపుకు బ్యాటరీలు, కంట్రోలర్లు, తెలిసిన ఇంజనీరు అనేవి ఆ పంపు ఉన్న ఆఖరి మనిషి వరకూ అందిస్తామని అమర్చే రోజునే రాసివ్వాలి. లోపాల లెక్కలు కంపెనీ అదుపులో లేని రిజిస్ట్రీలో, ఎవరైనా చూడగలిగేలా ఉండాలి. హెచ్‌వీఏడీ పోయాక పెద్దవాళ్లకు దీర్ఘకాలం వాడే పంపుల్లో ప్రపంచంలో చాలాచోట్ల ఒకే ఒక్క రకం మిగిలింది. దానికి ఏదైనా అయితే వెనక్కి చూసుకోవడానికి మరొకటి లేదు. కాబట్టి నియంత్రణ సంస్థలు కూడా ఈ పేరాను తమకు రాసినట్టే చదువుకోవాలి.

5. గుండెలు కేటాయించే అధికారులకు. పంపు మార్పిడికి వంతెన అని చెప్పి మమ్మల్ని ఒప్పించారు. వంతెన ఎక్కాక అవతలి ఒడ్డు దూరం జరుగుతుందని ఎవరూ చెప్పలేదు. అమెరికాలో 2018 అక్టోబరులో గుండె కోసం ఎదురుచూసేవారి వరుస మార్చినప్పుడు, పంపుతో ఇంట్లో నిలకడగా ఉన్నవారు ఆరు మెట్లలో నాలుగో మెట్టుకు చేరారు (ఒకటో మెట్టువారిదే ముందు వంతు). ఆసుపత్రిలో తాత్కాలిక పంపు మీదున్నవారు రెండో మెట్టులో ఉన్నారు. దాంతో అక్కడి డాక్టర్లు మార్పిడికి ముందు శాశ్వత పంపు పెట్టడం బాగా తగ్గించేశారు. రేపో మాపో పోయే మనిషికి ముందు ఇవ్వడం న్యాయమే, దాన్ని మేం తప్పుపట్టం. మంచం మీదున్న ఆ మనిషికీ ఒక అక్క ఉంటుంది. కానీ నిలకడగా ఉండటమంటే ప్రమాదం లేకపోవడం కాదు. పంపు మీద గడిచే ప్రతి నెలా ఇన్ఫెక్షన్‌కూ, స్ట్రోక్‌కూ, రక్తస్రావానికీ ఒక నెల. పైగా పంపు వల్లా, ఎక్కించిన రక్తం వల్లా ఒంట్లో ప్రతిరక్షకాలు పెరిగి, దాత గుండె సరిపడటమే కష్టమయ్యేవారున్నారు. ఎన్నాళ్లుగా పంపు మీదున్నారన్నది వరుసలో లెక్కలోకి రావాలి. ఆపరేషన్‌కు సంతకం పెట్టకముందే, 'పంపు పెడితే మీ స్థానం ఇక్కడికి మారుతుంది' అని కాగితం మీద చూపించాలి.

6. కేబుల్ సంగతి. వారానికి ఎన్నిసార్లో లెక్కపెట్టడం మానేశాను. చేతులు కడుక్కోవడం, మాస్కు, గ్లవ్స్, పాత కట్టు విప్పడం. ఆ క్షణంలో ఊపిరి బిగబట్టి చూస్తాను: ఎర్రగా ఉందా, తడిగా ఉందా, వాసన ఉందా. "ఎలా ఉందక్కా?" అని వాడు పైకప్పు వైపు చూస్తూ అడుగుతాడు. బాగుందంటే చాలు, వాడి పొట్ట వదులవుతుంది, నా చేతికి తెలుస్తుంది. కొత్త పంపుతో సైతం రెండేళ్లలో నలుగురైదుగురిలో ఒకరికి ఈ కేబుల్ దారిలో ఇన్ఫెక్షన్ వస్తోంది. చర్మంలోంచి తీగ బయటికి వస్తున్నంత కాలం అది తప్పదు.

తీగ లేకుండా చర్మం మీంచే కరెంటు పంపవచ్చని 1999లోనే జర్మనీలో లయన్‌హార్ట్ పంపుతో చూపించారు. ఆ కార్యక్రమం తర్వాత ఆగిపోయింది. మళ్లీ కజకిస్తాన్‌లోని అస్తానాలో ఇద్దరికి వైర్‌లెస్ పద్ధతిలో పంపు నడిపినట్టు 2019లో ప్రచురించారు. ఆ దారిలో పని ఎక్కడిదాకా వచ్చిందో, ఏం అడ్డుపడుతోందో కంపెనీలు ఏటా బయటికి చెప్పాలి. మా తమ్ముడు ఈతగాడు. పంపు పెట్టాక నీళ్లలో దిగలేదు. దీన్ని చిన్న కోరిక అనుకోకండి.

7. చూసుకునే మనిషి. ఇంట్లో ఎప్పుడూ ఒకరు తోడుండాలన్నది పంపు పెట్టడానికి ముందు షరతు. అలాంటి మనిషి లేనివాళ్లకు పంపే పెట్టరు. అంటే జబ్బు తీవ్రత ఒకటే అయినా, ఒంటరివాడు వెనక్కి వెళ్లిపోతాడు. ఉన్నవాళ్ల ఇంట్లో ఒకరి ఉద్యోగం పోతుంది. నాది పోయింది. పంపు ఖర్చులో భాగంగానే తోడుండే మనిషికి జీతమో, శిక్షణ పొందిన సహాయకులో ఉండేలా చూడండి. నెలకు రెండ్రోజులు నన్ను వదిలిపెట్టండి, చాలు.

8. ఒక మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. స్ట్రోక్‌తో మనిషి తిరిగిరాని స్థితికి వెళ్లినా పంపు తిరుగుతూనే ఉంటుంది. ఎవరో ఒకరు దాన్ని ఆపమని చెప్పాలి. ఆ నిర్ణయాన్ని ఆ రాత్రి ఇంటివాళ్ల నెత్తిన పడేయకండి. స్పృహలో ఉండగా, పంపు పెట్టకముందే, మనిషిని కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. మా తమ్ముడిని ఎవరూ అడగలేదు. నేను అడిగాను. వాడు చెప్పింది నా దగ్గరే ఉంది. ఆసుపత్రి ఫైలులో లేదు.

వీటిలో సగానికి పైగా వాటికి కొత్త పరిశోధన అక్కర్లేదు. ఫోను ఎత్తడం, కాగితం అచ్చువేయడం, ఒక పూట శిక్షణ, జాబితాలో ఒక చిరునామా. 1, 2, 3 అంశాలకు 60 రోజుల్లోగా, మిగతావాటికి ఆరు నెలల్లోగా ఏం చేస్తారో రాతపూర్వకంగా చెప్పండి. చెయ్యలేమంటే అదీ చెప్పండి, కారణంతో సహా.

మా తమ్ముడి చొక్కా జేబులో ఇప్పుడు నేను రాసిన అట్టముక్క ఒకటి ఉంటుంది. 'నాడి దొరకదు. ఛాతీ మీద చెవి పెట్టి వినండి. సంచి వదలకండి. అక్కకు ఫోను చెయ్యండి' అని పెద్ద అక్షరాలతో రాశాను. అంబులెన్స్ సేవలవారు పని మొదలుపెట్టడానికి అదైనా తీసుకోవచ్చు. మొదటి మూడు వాక్యాలు ఎవరికైనా పనికొస్తాయి. నాలుగోదాని స్థానంలో, ఏ వేళకైనా ఎత్తే మీ నంబరు ఒకటి ఇవ్వండి.

వచ్చే నెల వాడి చెకప్ ఉంది. ఆ రోజు ఈ లేఖ చేతిలో పట్టుకుని వస్తాను. మాట్లాడటానికి ఒకరిని కేటాయించమని మనవి. నాకు అరగంట చాలు. మధ్యలో బ్యాటరీలు మార్చాల్సి వస్తే మీరూ దగ్గరుండి చూడవచ్చు.

ఇట్లు,
గుండె పంపుతో ఉన్న ఒకరి అక్క